మహారాజా కిషన్ పర్షాద్

పండుగనాడు పిల్లలకు కానుక లిచ్చుట అనేక దేశములందు గల ఆచారము. చీనాలో క్రొత్త సంవత్సరమునకు పెద్దలు ఎఱ్ఱని కాగితపు సంచిలో ధనముంచి పిల్లల కిత్తురు. హాలండులో డిసెంబరు 5వ తేది రాత్రి సెయింట్ నికొలస్ పేరిట కానుకలు లభించును. మన దేశమున రంజాను పండుగనాడు మహమ్మదీయుల ఇండ్లలో పిల్లలకు ఈదీ ముట్టును. పూర్వము తెలుగు పల్లెలలో దసరాకు బడిపిల్లలు విల్లంబులు చేబూని ఇంటింటికి పోగా గృహస్థులు పప్పుబెల్లములు పంచెడివారు. పండుగకై వేచియుండక, బయలుదేరిన ప్రతిదినమును పిల్లలకు పండుగ చేసిన దాత యొకడు హైదరాబాదున ఉండెను. ఆయనయే మహారాజా కిషన్ పర్షాద్.

సికిందరాబాదు నుండి శామీర్‌పేట మీదుగా లాల్‌గడి మలక్‌పేటకు పోవువారికి త్రోవలో అల్వాలు తగులును. అచ్చటి వేంకటేశ్వరాలయమును నిజాము దివానైన మహారాజా చందూలాల్ కట్టించెను. ఆ వంశముననే 1864లో కిషన్ పర్షాద్ జన్మించెను. మాతామహుడైన నరేంద్ర పర్షాద్ ఆయనను తన వారసునిగా పెంచెను. బాల్యముననే ఆయన పారసీక, ఉర్దూ భాషలను శ్రద్ధతో నేర్చెను. పెద్దవాడై ఆ రెండు భాషలందును కవిత్వము చెప్పెను. కవిగా ఆయన పెట్టుకొన్న పేరు షాద్. సంతోషముతో నుండువాడని దాని యర్థము.

1901 నుండి 1912 వరకు ఆయన హైదరాబాదు రాజ్యమునకు ప్రధానమంత్రిగా నుండెను. 1908లో మూసీనది పొంగి వేలకొలది జనులు మృతినొందిన కష్టకాలము ఆయన పాలనలోనిదే. మరల 1926 నుండి 1937 వరకు మంత్రిమండలికి అధ్యక్షుడయ్యెను. ఆయన పత్నులలో హిందువులును, మహమ్మదీయులును కలరు. బిడ్డలు తమ తల్లుల మతము ననుసరించి పెరిగిరి. కావున ఆ యింట ఇరుమతముల పండుగలును సొంత పండుగలే.

ఆయన వాహనము వీథిలోనికి వచ్చెనన్న వార్త తెలియగనే పేదలును, పిల్లలును వెంట పరుగెత్తెడివారు. ఆయన నాణెములు వెదజల్లుచు పోయెడివాడు. ఎవరి మతమేదని అడుగడు. ఎవరి కులమేదని విచారింపడు. 1940లో ఆయన మరణించెను. ఆ దాతృత్వము మాత్రము నగర ప్రజల నోళ్ల నిలిచినది.

అయినను ఇచ్చట ఆలోచింపదగిన విషయమొకటి కలదు. వెదజల్లిన నాణెము కాళ్లలో బలము గలవానికే ముందు దొరకును, కుంటివాడు వెనుకబడును. సెయింట్ నికొలస్ ఒక పేదవాని ముగ్గురు కుమార్తెల పెండ్లికై రాత్రివేళ కిటికీలోనుండి బంగారు నాణెముల సంచులను రహస్యముగా లోనికి విసరెనని కథ. ఆ దానము ఎవరికి అవసరమో వారికే చేరెను. ఎవరికి అవసరమో ఎఱిగి యిచ్చుట నికొలస్ కథ నేర్పును. భేదము లెంచక యిచ్చుట కిషన్ పర్షాద్ జీవితము నేర్పును. ఈ రెండు గుణములును కూడినపుడే దానము సంపూర్ణమగును.

ఇట్టి దానమునకు మహారాజే కానక్కరలేదు. తెలంగాణపు పల్లెలలో దసరానాడు పిల్లలు జమ్మియాకును బంగారమని పేర్కొని పెద్దల చేతిలోనుంచి నమస్కరింతురు. పెద్దలు మనసార దీవింతురు. ఆకునకు వెల లేదు. ప్రేమతో చేతికిచ్చుటచేతనే అది బంగారమైనది.