విరిగిన మర చూపిన మార్గం: సర్ ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ జీవితం

ఎర్రగుంట్ల వంటి మెట్టప్రాంతంలో కూర్చుండి ఓడలను గూర్చి వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. మన చుట్టూ ఉన్నవి నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారాలు, నల్లరేగడి చేలు. పెన్న సైతం సంవత్సరంలో చాల నెలలు ఇసుకమేటగానే దర్శనమిస్తుంది. అయినప్పటికీ పడవ ప్రయాణం మన సీమకు బొత్తిగా పరాయి విషయం కాదు. 1860ల దశకంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించిన కర్నూలు–కడప కాలువ పంటలకే గాక పడవల రాకపోకలకు గూడ ఉద్దేశింపబడినదే. 1882లో ప్రభుత్వం దానిని కొనుగోలు చేసింది. కాలక్రమాన పడవలు కనుమరుగైనవి. కాలువ మాత్రం మిగిలింది.

అయితే ఈ వ్యాసానికి ప్రేరణ కాలువ కాదు, ఒక జాబు. మా పూర్వవిద్యార్థి యొకడు, మన జిల్లా యువకులెందరో వెళ్ళినట్లే, కువైటుకు వెళ్ళి అక్కడ పడవలు బాగుచేసే షెడ్డులో పనిచేస్తున్నాడు. లోపల ఇంజను గల ఒక పాత తెరచాప పడవకు నీటి పంకా, అనగా ప్రొపెల్లరు, పాడైనదట. పెద్దదైతే ఎక్కువ నీటిని నెట్టుతుంది గదా యని మునుపటికంటె పెద్దదైన మూడురెక్కల పంకాను ఎంచి బిగించినాడు. ఇంజను నల్లని పొగ చిమ్మింది. తిరగవలసినంత వేగంగా తిరగలేదు. ఇంజను ఆపి తెరచాప ఎత్తితే, వెనుకనుండి ఎవరో పట్టి లాగుతున్నట్లు పడవ నెమ్మదించింది. ఖర్చు ఆ కుర్రవాని జీతంలో కోత పడింది. తనకు ఈ పని చేతగాదనీ, మానుకొని ఇంటికి వచ్చేస్తాననీ వ్రాసినాడు.

తెలుగు చెప్పే మాకు ఈ విద్య తెలియదు. భౌతికశాస్త్ర అధ్యాపక మిత్రుని ఆశ్రయించగా ఆయన సమాధానంతోపాటు ఒక జీవితకథను గూడ మాకు పరిచయం చేసినారు. పంకా ఎంపికలో మొదట పొరబడి, ఆ పొరపాటు వలననే లోకానికి ఉపకారం చేసిన వ్యక్తి కథ అది. అతడే ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్.

స్మిత్ 1808 ఫిబ్రవరి 9వ తేదీన ఇంగ్లండులోని కెంటు మండలంలో, హైత్ అనే సముద్రతీర పట్టణంలో జన్మించినాడు. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. కుమారుడు ఇంజనీరింగు చదువలేదు. మొదట రామ్నీ మార్ష్ అనే చిత్తడి మైదానంలోను, తరువాత లండనుకు సమీపమందలి హెండన్‌లోను పశువులను మేపుకొనే రైతుగా జీవించినాడు. అయితే చిన్ననాటినుండి అతనికి ఒక్కటే వ్యసనం: బొమ్మ పడవలు చేయడం, అవి తమంతట తాము నడిచే ఉపాయం వెదకడం. పెరిగి పెద్దవాడై సంసారియైన తరువాత గూడ ఆ వ్యసనం విడువలేదు.

ఆ రోజులలో ఆవిరి ఓడలు ఇరుప్రక్కల తెడ్డు చక్రాలతో నడిచేవి. నదులలో అవి చక్కగా పనిచేసేవి. సముద్రంలో అలలకు ఓడ ఒరిగినపుడు ఒక చక్రం నీట మునిగిపోయేది, రెండవది గాలిలో తిరిగేది. బొగ్గు ఖర్చైనకొలది ఓడ తేలికై పైకి లేచేది. చక్రాలకు నీరు సరిగా అందేది కాదు. యుద్ధనౌకలకైతే ఆ చక్రాలు శత్రువుల ఫిరంగులకు తేలిక గురి. పైగా తమ ఫిరంగులు పెట్టుకొనవలసిన చోటును అవే ఆక్రమించేవి. తెరచాపలతో పోదామన్నా అవి అడ్డమే.

నీటిలో మరను త్రిప్పి ఓడను నడపవచ్చునన్న ఆలోచన స్మిత్‌కు ముందే ఉన్నది. పల్లపు నీటిని మిట్టకెత్తడానికి మరను వాడే పద్ధతి ఆర్కిమెడిస్ పేరిట ప్రాచీనకాలం నుండి ప్రసిద్ధం; మన బావుల దగ్గర కపిలబాన చేసిన పనిని అక్కడ మర చేసేది. 1829లో జోసెఫ్ రెస్సెల్ అనే అటవీ అధికారి ట్రియెస్ట్ రేవులో మరతో ఒక ఓడను నడిపి చూచినాడు గాని, ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు. ఆలోచన ఒకరిది కాదు; దానిని వదలక పట్టుకొని, లోకంచేత ఒప్పించడంలో స్మిత్ గొప్పతనం ఉన్నది.

1835లో స్మిత్ చిన్న నమూనా పడవ నొకదానిని చేసి, గడియారంలో వలె స్ప్రింగుతో తిరిగే కొయ్యమరను దానికి అమర్చి, హెండన్‌లోని నీటిగుంటలో వదలినాడు. అది నడచింది. మరుసటి సంవత్సరం మే 31వ తేదీన పేటెంటు పొందినాడు. విచిత్రమేమంటే, ఏడు వారాలు గడవకముందే, జూలై 13న జాన్ ఎరిక్సన్ అనే స్వీడన్ దేశపు ఇంజనీరు గూడ వేరొక రూపమున్న ప్రొపెల్లరుకు అదే లండనులో పేటెంటు తీసుకొన్నాడు. ఎరిక్సన్ చదువుకున్నవాడు, అనుభవజ్ఞుడు. బ్రిటిష్ నౌకాదళంవారు అతని పడవ పనితీరును చూచినా ఆదరించలేదు. అతడు 1839లో అమెరికాకు పోయి అక్కడ కీర్తి గడించినాడు. స్మిత్ ఇంగ్లండులోనే మిగిలినాడు.

ఒక బ్యాంకరు ధనసహాయంతో స్మిత్ ఆరు టన్నుల పడవను కట్టించి, ఆరు అశ్వశక్తుల ఇంజను పెట్టి, 1836 నవంబరు నుండి పాడింగ్టన్ కాలువలో ప్రయోగాలు సాగించినాడు. అందులోని కొయ్యమర రెండు పూర్తి చుట్లు గలది. చుట్లు ఎక్కువైతే పట్టు ఎక్కువగునని అతని లెక్క. కొయ్యలో దిగే మరమేకును చూచిన వారెవరైనా అట్లే తలచియుందురు. 1837 ఫిబ్రవరిలో, పడవ సాగుతుండగా, ఆ మర విరిగి సగం ఊడిపోయింది. పడవ ఆగిపోవలసినది. ఆగకపోగా ఒక్కసారిగా ముందుకు దూకింది. వేగం మునుపటికంటె దాదాపు రెట్టింపైనది.

సాధారణంగా మన మేమి చేస్తాము? విరిగిన వస్తువును చూచి విచారించి, మునుపటివంటి దానినే మరల చేయిస్తాము. స్మిత్ అట్లు చేయలేదు. విరిగినదే మేలుగా పనిచేసినపుడు తన లెక్కయే తప్పని అంగీకరించినాడు. ఒకే చుట్టు గల మరను చేయించి, పేటెంటును గూడ తదనుగుణంగా సవరించుకున్నాడు.

అందలి కారణాన్ని మా మిత్రుడు ఇట్లు వివరించినారు. నీరు కొయ్య వంటిది కాదు. మర త్రోసినకొలది వెనుకకు జారిపోతుంది. వానకు తడిసిన రేగడిలో లారీ చక్రం ఎంత తిరిగినా బండి అంత దూరం పోనట్లే, మర ఒక చుట్టుకు పోవలసిన దూరమంతా పడవ పోదు. పొడవైన మరలో ముందుభాగం నీటిని వెనుకకు త్రోసివేసిన తరువాత, వెనుకభాగానికి దొరికేది అప్పటికే పారిపోతున్న నీరు. అది నెట్టగలిగినది స్వల్పం. ఒరపిడికి తినే బలం మాత్రం అధికం. ఇంజను శక్తి ఆ ఒరపిడిలో వ్యర్థమౌతుంది.

కాలువలో గెలిచినది సముద్రంలో గెలువవలెను గదా. 1837 సెప్టెంబరులో స్మిత్ ఇనుపమరను బిగించిన ఆ చిన్న పడవనే లండను నుండి సముద్రంమీదుగా, రామ్స్‌గేట్, డోవర్, ఫోక్‌స్టన్ రేవులు దాటి, తన జన్మస్థలమైన హైత్‌కు నడిపించినాడు. తిరుగు ప్రయాణంలో సముద్రం పోటెత్తియుండగా ఆ చిన్న పడవ నిబ్బరంగా సాగడం నౌకాదళ అధికారుల కంటబడింది. పెద్ద ఓడమీద నిరూపించమని ప్రోత్సాహం లభించింది. ఫలితంగా 237 టన్నుల ఓడ 1838లో నీటిలోకి దిగింది. దానికి ఆర్కిమెడిస్ అని పేరు పెట్టినారు. 1840లో అది డోవర్‌లో తెడ్డు చక్రాల ఓడలతో పందేలకు నిలిచింది. బ్రిటన్ ద్వీపాన్ని చుట్టివచ్చి ప్రతి రేవులోను ఇంజనీర్లకు తన పనితనాన్ని చూపింది.

ఆ సంవత్సరమే ప్రసిద్ధ ఇంజనీరు బ్రునెల్ ఆర్కిమెడిస్‌ను కొన్ని మాసాలు తీసుకొని, దానికి రకరకాల మరలు బిగించి పరీక్షించినాడు. తాను కట్టుతున్న గ్రేట్ బ్రిటన్ అనే మహానౌకకు అప్పటికే నిర్ణయమైన తెడ్డు చక్రాలను మానుకొని ప్రొపెల్లరును ఎన్నుకొన్నాడు. ఆ ఓడ 1843లో నీటిలోకి దిగి, 1845లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటింది. అంతటి బ్రునెల్ ఎంచిన ఆరు రెక్కల ప్రొపెల్లరు గూడ రెక్కలు విరిగి మార్చవలసి వచ్చినదన్న మాట గమనింపదగినది. ఈ విద్యలో తొలిసారే సరియైనది దొరకడం మహామహులకే అరుదు.

నౌకాదళంవారు రాట్లర్ అనే ఓడను కట్టించి 1843 నుండి 1845 వరకు స్మిత్ సలహాతో అనేక రూపాల ప్రొపెల్లర్లను ఒకదాని వెంట నొకటి బిగించి వేగాన్ని కొలిచినారు. 1845 ఏప్రిల్‌లో రాట్లర్‌ను, తెడ్డు చక్రాల ఓడయైన అలెక్టోను వెనుకలు కలిపి కట్టి, ఎదురెదురుగా లాగించినారు. రాట్లర్ అలెక్టోను గంటకు రెండు మైళ్ళకు మించిన వేగంతో వెనుకకు ఈడ్చుకొనిపోయింది. చరిత్ర పుస్తకాలలో ఈ ముచ్చటకే పేరెక్కువ. కాని విద్యార్థులు గ్రహింపవలసినది వేరు. అప్పటికే ప్రొపెల్లరు ఓడలు కట్టించుటకు నౌకాదళంవారు పూనుకొన్నారు. వారిని ఒప్పించినది ఆ ఒక్కనాటి తాళ్ళ పందెం కాదు. అంతకు ముందు రెండేండ్లు ఓపికగా బిగించి, విప్పి, కొలిచి వ్రాసుకున్న లెక్కలు.

ఇక మా శిష్యుని చిక్కుకు వత్తాము. అతని పడవవంటి తెరచాప ఓడలలో పంకాకు రెండు పరస్పర విరుద్ధమైన బాధ్యతలు ఉంటవి. ఇంజను నడచునపుడు నీటిని గట్టిగా పట్టవలెను. గాలితో పోవునపుడు నీటికి అడ్డం రాకూడదు. స్మిత్ కాలంలోనే ఈ చిక్కు ఎదురైనది. అందుకే ఆనాటి అనేక నౌకలలో పంకాను నీటినుండి పైకి ఎత్తివేసే ఏర్పాటు చేసినారు. గ్రేట్ బ్రిటన్‌కు గూడ 1857లో అటువంటిది అమర్చినారు. చిన్న పడవలకు అది సాధ్యం కాదు గనుక, రెండే రెక్కలు గల పంకాను పెట్టి ఆపునపుడు నిలువుగా పడవ వెనుక కంబం చాటున నిలుపుతారు. లేదా గొడుగు వలె ముడుచుకొనే రెక్కలను, నీటి వాలుకు తిరిగే రెక్కలను వాడుతారు. ముడుచుకొనే పంకా వెనుకకు నడపడంలో కొంత బలహీనం, ఖరీదు ఎక్కువ. మూడురెక్కలది ఇంజనుతో పోవునపుడు కుదుపు తక్కువ, పట్టు ఎక్కువ. తెరచాపతో పోవునపుడు భారం. ఆ పడవ యజమాని ఎక్కువగా దేనితో పోతాడో ముందు అడుగవలెను.

తరువాత కొలతలు. పంకా వ్యాసం ఎంత, ఒక చుట్టుకు అది ముందుకు పోవలసిన దూరం, అనగా పిచ్, ఎంత అన్నవి రెండూ ఇంజనుకు సరిపడవలెను. అవి మితిమీరితే ఇంజను తన పూర్తి వేగాన్ని అందుకొనలేక నల్లపొగ విడుస్తుంది. ఇదే మా శిష్యునికి జరిగినది. మరీ తక్కువైతే ఇంజను ఊరక పరుగెత్తుతుంది, పడవ కదలదు. ఇంజనుకు, పంకా ఇరుసుకు మధ్యనున్న గేరు ఎన్ని చుట్లను ఎన్నిటికి తగ్గిస్తుందో తెలియకుండ ఈ లెక్క తేలదు. రెక్కల అంచుకు, పడవ అడుగుకు నడుమ తగినంత ఎడముండవలెను. లేనిచో పడవంతా అదురుతుంది.

స్మిత్ చివరి జీవితం సుఖవంతమైనది కాదు. అతని కంపెనీ లాభాలు చూడలేదు. పొలం, ధనం, యౌవనం అన్నీ ఈ మర చుట్టూనే కరిగిపోయినవి. 1855లో విక్టోరియా రాణి ప్రభుత్వం సంవత్సరానికి 200 పౌన్ల పింఛను ఇచ్చింది. 1856లో పేటెంటు గడువు తీరింది. అతడు గెర్న్‌సీ ద్వీపానికి పోయి మరల సేద్యం చేసుకొన్నాడు. అదీ జరుగుబాటు కాక, 1860లో లండనులోని పేటెంటు మ్యూజియంలో సంరక్షకుని ఉద్యోగంలో చేరినాడు. లోకంలోని ఓడలెన్నో తన మర వంటి మరలతో తిరుగుతుండగా, అతడు ఇతరులు కనిపెట్టిన యంత్రాలకు కాపలాదారై కాలం గడపినాడు. 1871లో సర్ బిరుదు లభించింది. 1874 ఫిబ్రవరి 12వ తేదీన మరణించినాడు. గ్రేట్ బ్రిటన్ ఓడను 1970లో ఫాక్లండ్ దీవుల నుండి స్వస్థలమైన బ్రిస్టల్‌కు చేర్చినారు. నేడది అక్కడ ప్రదర్శనశాలగా ఉన్నది.

మా విద్యార్థులలో పరీక్ష తప్పినవారున్నారు, పరదేశంలో పని తప్పినవారున్నారు. వారికి ఊరట మాటలు చెప్పడం సులభం. స్మిత్ జీవితం ఊరట చెప్పదు. ఒక పని చెపుతుంది. తప్పినదానిని పారవేయక, ఎక్కడ తప్పినదో కొలిచి వ్రాసుకొమ్మంటుంది.

మేము ఆ కుర్రవానికి జాబు వ్రాసినాము. ఇంటికి రావడం మానడం అతని ఇష్టం. కాని విప్పివేసిన ఆ పెద్ద పంకాను మాత్రం పాత ఇనుముకు అమ్మనీయవద్దన్నాము. దాని వ్యాసం, పిచ్, గేరు నిష్పత్తి, ఆనాడు ఇంజను తిరిగిన చుట్లు ఒక నోటుపుస్తకంలో మొదటి పుటలో వ్రాసుకొమ్మన్నాము. రెండవ పంకా కొలతలు రెండవ పుటలో వ్రాయవలెను. ఈ సంచిక అచ్చైన తోడనే ఒక ప్రతిని గూడ అతనికి పంపుతాము.