కోడిపెట్ట విప్పిన రహస్యం - పేటన్ రౌస్ జీవితం

రాచపుండు ఎందుకు పుడుతుంది? తరతరాలుగా మానవజాతిని వేధించిన ప్రశ్న ఇది. పూర్వజన్మ పాపమని కొందరు, వంశదోషమని కొందరు, అంటురోగమని మరికొందరు నమ్మారు. పల్లెలలోనే కాదు, పెద్ద పెద్ద ప్రయోగశాలలలో సైతం ఈ విషయమై ఏకాభిప్రాయం లేని కాలం ఒకటి ఉండేది. ఆ కాలంలో జబ్బుపడిన ఒక కోడిపెట్టను ఆధారం చేసుకొని, తోటి శాస్త్రజ్ఞులు ఊహించని సమాధానం చెప్పి, దాని గుర్తింపు కోసం యాభై అయిదేళ్లు వేచి ఉన్న వైద్య శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ పేటన్ రౌస్. తన మాటను లోకం అంగీకరించిన నాటికి ఇతరులు చెప్పిన మరొక నిజాన్ని ఆయనే అంగీకరించలేకపోవడం ఆయన జీవితంలోని విచిత్రం.

తండ్రి లేని బాల్యం

రౌస్ 1879 అక్టోబర్ 5వ తేదీన అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జన్మించారు. ముగ్గురు పిల్లలలో ఆయనే పెద్దవాడు. పదకొండేళ్ల ప్రాయంలో తండ్రి మరణించారు. తల్లి పుట్టిల్లు దూరాన టెక్సాస్ రాష్ట్రంలో ఉండేది. బిడ్డలతో అక్కడికి వెళితే బంధువుల అండ దొరికేది. అయినా పిల్లల చదువుకు బాల్టిమోరే మేలని తలచి ఆ తల్లి ఉన్నచోటనే ఉండి సంసారాన్ని నెట్టుకువచ్చారు. ఆమె నిర్ణయం వృథా కాలేదు. ఆ నగరంలోనే ఉన్న సుప్రసిద్ధ జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రౌస్ పట్టభద్రులై, అక్కడి వైద్య కళాశాలలోనే చేరారు.

వైద్య విద్య మధ్యలో పెద్ద ఆపద వచ్చిపడింది. క్షయవ్యాధితో మరణించిన ఒకరి శవపరీక్ష చేస్తుండగా ఎముక గీసుకొని ఆయన వేలికి గాయమైంది. క్షయ ఆ గాయం గుండా శరీరంలో ప్రవేశించి చంకలోని గ్రంథులకు పాకింది. శస్త్రచికిత్స చేసి ఆ గ్రంథులను తొలగించారు. క్షయకు మందు లేని రోజులవి. ఆరుబయట గాలి, విశ్రాంతి తప్ప వేరే మార్గం లేదు. చదువు ఆపి టెక్సాస్ వెళ్లిన రౌస్ అక్కడి విశాలమైన బీళ్లలో గుర్రమెక్కి పశువుల మందలను కాస్తూ సుమారు ఒక ఏడాది గడిపారు. ఆరోగ్యం కుదుటపడ్డాక తిరిగి వచ్చి 1905లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. రోగికి మందివ్వడం కంటె రోగమూలాన్ని వెదకడమే తన స్వభావానికి తగిన పని అని గ్రహించి రోగనిర్ధారణ శాస్త్రం వైపు మళ్లారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో బోధకులుగా పనిచేసి, కొంతకాలం జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో శిక్షణ పొందారు.

నాటి సిద్ధాంతాలు

1909లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థ ఆయనకు క్యాన్సర్ పరిశోధన బాధ్యతను అప్పగించింది. ఆ సమస్య జోలికి పోవద్దని హితవు చెప్పినవారూ లేకపోలేదు. అందుకు కారణం ఉంది. క్యాన్సర్ పుట్టుకను గురించి నాడు ఎవరి వాదం వారిదే. శరీరంలోని ఏదో ఒక భాగం దీర్ఘకాలం ఒరిపిడికి, మంటకు గురికావడమే మూలమని ఒక వాదం. లండన్‌లో పొగగొట్టాలు ఊడ్చే పనివారికి మసి వలన వృషణాల తిత్తిపై పుండు వస్తున్నదని 1775లోనే పెర్సివల్ పాట్ అనే వైద్యుడు గుర్తించడం దీనికి బలం. గర్భస్థ దశ నుంచి శరీరంలో మిగిలిపోయిన కణాలు తరువాతి కాలంలో విజృంభిస్తాయని జర్మన్ పండితుడు కోన్‌హైమ్ వాదించాడు. కణంలోని క్రోమోజోములు గతి తప్పడమే మూలమని బొవేరి 1914లో ప్రతిపాదించాడు. సూక్ష్మజీవులే కారణమనేవారూ ఉన్నారు గాని వారి మాటకు విలువ తగ్గిపోయింది. క్షయకు, కలరాకు క్రిమి దొరికింది. క్యాన్సర్‌కు ఎంత వెదికినా దొరకలేదు.

చారల కోడిపెట్ట

ఆ రోజులలోనే కోళ్లు పెంచే ఒక మహిళ రొమ్ముపై పెద్ద గడ్డ లేచిన చారల కోడిపెట్టను రాక్‌ఫెల్లర్ సంస్థకు తీసుకువచ్చింది. రౌస్ ఆ గడ్డను పరీక్షించి క్యాన్సర్ అని నిర్ధారించారు. దాని ముక్కను అదే మందకు చెందిన కోళ్లలో నాటగా వాటిలో కొన్నింటికి గడ్డలు మొలిచాయి. అంతవరకు ఆశ్చర్యం లేదు. నాటిన కణాలే పెరిగాయని చెప్పవచ్చు. అప్పుడు రౌస్ మరొక అడుగు వేశారు. గడ్డను నూరి, నీటిలో కలిపి, ఒక్క కణం గాని, ఒక్క బాక్టీరియా గాని దాటలేనంత సన్నని రంధ్రాలు గల వడపోత గొట్టం గుండా పంపారు. అవతలికి వచ్చిన తేట ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న కోడిపిల్లలకు ఎక్కించారు. వాటికీ అదే రకం గడ్డ పుట్టింది. కణం లేకుండా క్యాన్సర్ ఒక కోడి నుంచి మరొక కోడికి చేరింది. వడపోతకు చిక్కని, సూక్ష్మదర్శినికి కనబడని ఏదో ఒక పదార్థం దానిని మోసుకుపోయిందన్నమాట. నేడు వైరస్ అంటున్నది దానినే. 1911లో రౌస్ ఈ ఫలితాలను ప్రచురించారు.

లోకం నమ్మలేదు. అది అసలు క్యాన్సరే కాదని కొందరన్నారు. వడపోతలో కణాలు జారిపోయి ఉంటాయని కొందరన్నారు. కోడికి వచ్చినది మనిషికి వర్తించదని మరికొందరన్నారు. డెన్మార్క్‌లో ఎల్లెర్మన్, బాంగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1908లోనే కోళ్ల రక్త క్యాన్సర్‌ను ఇదే రీతిలో వడపోత ద్రవంతో పుట్టించి చూపారు. కాని రక్త క్యాన్సర్‌ను నాడు క్యాన్సర్ కోవలో లెక్కించలేదు గనుక ఆ సాక్ష్యమూ రౌస్‌కు అక్కరకు రాలేదు. ఆయన మరికొన్ని కోళ్ల గడ్డలలో అదే ఫలితం రాబట్టారు గాని, ఎలుకల గడ్డలతో చేసిన ప్రయత్నాలన్నీ విఫలమయ్యాయి. చివరకు 1915 నాటికి క్యాన్సర్ పరిశోధననే విడిచిపెట్టారు.

రక్తాన్ని నిలవ చేసిన చేయి

అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్నది. రౌస్, టర్నర్ అనే సహచరునితో కలిసి, సిట్రేటు లవణం, చక్కెర కలిపిన ద్రావణంలో రక్తకణాలను వారాల తరబడి చెడకుండా ఉంచవచ్చునని 1916లో కనుగొన్నారు. రౌస్ ప్రయోగశాలలో పనిచేసిన ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ ఆ పద్ధతిని 1917లో యుద్ధరంగానికి తీసుకుపోయి, ముందుగా సేకరించి నిలవ ఉంచిన రక్తంతో గాయపడిన సైనికుల ప్రాణాలు కాపాడాడు. నేడు జిల్లా కేంద్రాలలో కనబడే రక్తనిధులకు తొలి మెట్టు అదే. క్యాన్సర్ విషయంలో నమ్మకానికి నోచుకోని చేతులు ఆ విధంగా ఎందరికో ప్రాణదానం చేశాయి.

ఈలోగా ఇతర సిద్ధాంతాలు ముందుకు వచ్చాయి. జపాన్‌కు చెందిన యమగివా, ఇచికావా 1915లో కుందేలు చెవికి నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ పుట్టించి చూపారు. కడుపులోని ఒక రకం పురుగు ఎలుకలకు క్యాన్సర్ తెస్తుందని చెప్పిన డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఫిబిగెర్‌కు 1926వ సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. ఆ సిద్ధాంతం తప్పని తరువాత తేలిపోయింది. ఆ బహుమతికి రౌస్ పేరు తొలిసారి ప్రతిపాదనకు వచ్చినది కూడా ఆ ఏడాదే.

తిరిగి పాత దారికి

1933లో రిచర్డ్ షోప్ అనే మిత్రుడు అడవి కుందేళ్లకు కొమ్ములవలె లేచే పులిపిర్లకు వైరస్ కారణమని కనుగొని, తదుపరి పరిశోధనను రౌస్‌కు అప్పగించారు. కోడికే పరిమితమన్న ఆక్షేపణకు అది సమాధానం. రౌస్ మళ్లీ పాత దారి పట్టారు. పెంపుడు కుందేళ్లలో ఆ పులిపిర్లు కొన్నాళ్లకు క్యాన్సర్‌గా మారడం ఆయన గమనించారు. తారు పూసిన చర్మానికి వైరస్ తోడైతే క్యాన్సర్ మరింత త్వరగా వచ్చింది.

ఈ పరిశోధనలలోనే మరొక గొప్ప విషయం బయటపడింది. తారు పూసిన చెవిపై లేచిన పులిపిర్లు తారు ఆపగానే మాయమయ్యేవి. చర్మం మామూలుగా కనిపించేది. కాని తిరిగి తారు పూసినా, ఆ చోట గాయం చేసినా అవే స్థానాలలో మళ్లీ లేచేవి. అంటే కణంలో మార్పు ఒకసారి జరిగి నిద్రాణంగా ఉంటుంది, దానిని తట్టి లేపేది వేరొకటి ఉంటుంది. విత్తు పడటం ఒకటి, తడి తగిలి మొలకెత్తడం మరొకటి. క్యాన్సర్ ఆరంభానికి, ప్రోద్బలానికి మధ్యగల ఈ భేదాన్ని రౌస్ బృందం 1940 దశకంలో స్పష్టం చేసింది.

ఆలస్యంగా వచ్చిన గౌరవం

1950 దశకం నుంచి ఎలుకలలో క్యాన్సర్ కలిగించే వైరస్‌లు బయటపడటంతో లోకం రౌస్ వైపు తిరిగి చూసింది. 1966లో, ఎనభై ఏడేళ్ల వయసులో, చార్లెస్ హగ్గిన్స్‌తో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నారు. 1963లో అదే బహుమతి పొందిన అలన్ హాడ్జ్‌కిన్ ఆయన అల్లుడు. మామ కంటె అల్లుడు మూడేళ్లు ముందు ఆ వేదిక ఎక్కడం విశేషం.

అయితే ఆ వేదికపై నుంచే రౌస్ ఒక సిద్ధాంతాన్ని గట్టిగా ఖండించారు. శరీర కణాల జన్యువులలో కలిగే మార్పులే క్యాన్సర్‌కు మూలమన్న వాదాన్ని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆ భావన పరిశోధకులను తృప్తిపరచి వెదుకులాటను ఆపివేస్తుందని ఆయన భయం. 1970 ఫిబ్రవరి 16న, తొంభై ఏళ్ల వయసులో, న్యూయార్క్‌లో ఆయన కన్నుమూశారు.

తీర్పు చెప్పినది మళ్లీ ఆ కోడి వైరస్సే. రౌస్ మరణించిన కొద్ది నెలలకే, ఈ జాతి వైరస్‌లు తమ జన్యు సమాచారాన్ని కణంలోని డి.ఎన్.ఎ.గా మార్చి అందులో చేర్చగలవని టెమిన్, బాల్టిమోర్ విడివిడిగా నిరూపించారు. 1976లో బిషప్, వార్మస్ బృందం అసలు గుట్టు విప్పింది. రౌస్ వైరస్‌లో క్యాన్సర్ కలిగించే జన్యువు వైరస్ సొంతం కాదు. ఆరోగ్యవంతమైన కోడి కణంలో ఉండే జన్యువునే ఆ వైరస్ ఎప్పుడో ఎత్తుకుపోయి వికృతం చేసుకుంది. అటువంటి జన్యువు మనిషిలోనూ ఉంది. వైరస్, తారు, మసి అన్నవి వేర్వేరు దారులేగాని, అవి చేరే చోటు ఒకటే, కణంలోని జన్యు వ్యవస్థ. రౌస్ ఖండించిన సిద్ధాంతానికి రౌస్ వైరస్సే బలమైన సాక్షి అయింది.

ఆయన మాట పూర్తిగా తప్పిపోలేదు కూడా. వయసు మళ్లిన వారి మామూలు చర్మంలో సైతం క్యాన్సర్ సంబంధ జన్యు మార్పులు అనేకం ఉంటాయని 2015లో వెల్లడైంది. గాలిలోని కాలుష్యపు సూక్ష్మ రేణువులు ఊపిరితిత్తులలో వాపు కలిగించి, అప్పటికే మారి నిద్రిస్తున్న కణాలను తట్టి లేపుతాయని 2023లో ప్రచురితమైన పరిశోధన చూపింది. మార్పు ఒక్కటే చాలదు, ప్రోద్బలమూ కావాలన్న రౌస్ పాఠమే అది.

పల్లెకు ఆయన ఇచ్చినది

2018లో ప్రపంచంలో గుర్తించిన క్యాన్సర్లలో సుమారు 13 శాతం అంటురోగ క్రిముల వలన వచ్చినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు పాపిలోమా వైరస్, కాలేయ క్యాన్సర్‌కు హెపటైటిస్ బి వైరస్ ముఖ్య కారకాలు. ఈ రెంటికీ టీకాలున్నాయి. ఆ వైరస్‌లు ఒకరి నుంచి మరొకరికి సోకుతాయి గాని, క్యాన్సర్ రోగిని తాకినందువలన, కలిసి భోంచేసినందువలన క్యాన్సర్ అంటదు. రోగికి వేరే కంచం, వేరే గది కేటాయించి దూరం పెట్టడానికి శాస్త్రంలో ఆధారం లేదు.

ప్రోద్బలం మాట కూడా మన పల్లెలకు కొత్తది కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాలలోను, సరిహద్దుకు అవతల గంజాం ప్రాంతంలోను చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి కాల్చే అడ్డపొగ అలవాటు వలన అంగిలి క్యాన్సర్ రావడం వైద్య గ్రంథాలకెక్కిన విషయం. ఏళ్ల తరబడి అదే చోట వేడి, పొగ తగులుతాయి. కుందేలు చెవిపై తారు చెప్పిన కథే అంగిలిపై చుట్ట చెబుతుంది. అలవాటు మానితే ముప్పు తగ్గుతుంది. నోటిలో మానని పుండు గాని, తెల్లమచ్చ గాని కనబడితే వెంటనే వైద్యునికి చూపించాలి.

క్యాన్సర్ శాపం కాదు, పాపఫలం కాదు. కారణాలు గల వ్యాధి. ఆ కారణాలలో కొన్నింటినైనా మనిషి అడ్డగించగలడు. ఒక్క కోడిపెట్టతో మొదలైన పేటన్ రౌస్ పరిశోధన లోకానికి మిగిల్చిన ధైర్యం ఇదే.