పసివాని నోటిమాటకు పట్టం కట్టిన గిడుగు రామమూర్తి

ఒక బాలుడు మొట్టమొదటిసారిగా పుస్తకం తెరచినప్పుడు అందులో అతనికి కనిపించవలసినది ఏ భాష? ఇంట తల్లితో మాట్లాడే భాషా, లేక పండితులు గ్రంథాలలో భద్రపరచిన భాషా? ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో తెలుగుదేశాన్ని రెండు పక్షాలుగా చీల్చిన వాదమిది. ఆ వాదంలో పసిబిడ్డ పక్షాన నిలిచిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులు. వ్యావహారిక భాషోద్యమ పితామహునిగా ఆయనను ఎరుగనివారు లేరు. కాని ఆ ఉద్యమానికి పునాది బడిగదిలో పడిందన్న సంగతిని మనం తరచు విస్మరిస్తూ ఉంటాము.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న, నేటి శ్రీకాకుళం జిల్లాలో, వంశధార తీరాన ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. పన్నెండేళ్ల ప్రాయంలోనే పితృవియోగం సంభవించింది. విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. మహాకవి గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరి, ప్రైవేటుగా బి.ఎ. పట్టా పొంది, ఆ విద్యాసంస్థ కళాశాలగా ఎదిగిన పిమ్మట చరిత్ర బోధించారు. ముఖలింగంలోని శాసనాలను చదవడం కోసం ప్రాచీన లిపులను ఎవరి సాయమూ లేకుండా స్వయంగా నేర్చుకొన్నారు.

పర్లాకిమిడికి చేరువలోని కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగూ కాదు, ఒరియా కాదు. ముండా కుటుంబానికి చెందినది. దానికి నాడు లిపి లేదు, పుస్తకం లేదు. చదువుకోవాలంటే సవర బాలుడు ముందుగా పరాయి భాష నేర్వవలసిందే. అక్షరమూ కొత్తదై, మాటా కొత్తదై, అర్థమూ తెలియనప్పుడు ఏ పసివాడు మాత్రం చదువుపై మక్కువ పెంచుకోగలడు? ఈ అవస్థ రామమూర్తిగారిని కదిలించింది. తెలుగు వచ్చిన ఒక సవరను చేరదీసి, అతని ద్వారా ఆ భాషను అభ్యసించారు. కొండలూ అడవులూ తిరిగి పాటలు, కథలు సేకరించారు. సవర భాషలో వాచకాలు రచించి, సొంత ధనంతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు తామే జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం 1911లో ఆ పుస్తకాలను ప్రచురించి పారితోషికం ఇవ్వజూపగా దానిని స్వీకరించక, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టించవలసిందని కోరారు. ఈ సేవకు ఆయన చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. మన్యపు జ్వరానికి వాడిన క్వినైను ఆయన వినికిడిని హరించింది. పలుకు విని దాని ధ్వనులను పట్టుకోవడమే ప్రాణంగా బ్రతికిన భాషావేత్తకు ఇంతకు మించిన నష్టం ఏముంటుంది? అయినా కృషి ఆగలేదు. సవర భాషా బోధినిని 1931లోను, ఆంగ్ల-సవర నిఘంటువును 1933లోను, సవర-ఆంగ్ల నిఘంటువును 1938లోను వెలువరించారు.

సవర బాలునికి పరాయి భాష అడ్డుపడితే, తెలుగు బాలునికి తన భాషలోని పాత రూపమే అడ్డుపడుతున్నదని ఆయన క్రమంగా గ్రహించారు. 1906 ప్రాంతంలో ఉత్తరసర్కారులకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ దొరకు ఒక సందేహం కలిగింది. ప్రజలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలోని తెలుగు మరొకటి కావడానికి కారణమేమి? విశాఖపట్నంలో కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఆ ప్రశ్నను చేపట్టారు. ఆనాటి వాచకాన్ని ఊహించుకొంటే సమస్య స్పష్టమవుతుంది. బాలుడు వచ్చాడు అంటాడు. పుస్తకం వచ్చెను అంటుంది. అతడు చేస్తున్నాడు అంటాడు. పుస్తకంలో చేయుచున్నాడు అని ఉంటుంది. ఎవరి నోటా పలకని అరసున్నను అతడు కంఠస్థం చేయాలి. ఉపాధ్యాయుడు పాఠాన్ని వాడుక మాటలలో విప్పి చెప్పి, మళ్లీ గ్రంథభాషలో వల్లె వేయించాలి. చదవడమంటే గ్రహించడం కాక అప్పజెప్పడమై కూర్చున్నది.

జయంతి రామయ్య పంతులుగారి వంటి పండితులు ఈ మార్పును తీవ్రంగా ప్రతిఘటించారు. వారి వాదాన్ని తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. వాడుక భాష జిల్లాకొక తీరున ఉంటుంది. దేనిని ప్రమాణంగా గైకొనాలి? కావ్యభాష దూరమైతే నన్నయ, తిక్కనల సంపద రేపటి తరానికి అందుతుందా? ఇవి విచారించవలసిన ప్రశ్నలే. శిష్టులు నలుగురిలో మాట్లాడుకొనే భాషే ప్రమాణమని రామమూర్తిగారు సమాధానమిచ్చారు. ప్రాచీన కావ్యాలను ఆయన నిరసించలేదు. వాటిని ప్రాచీన కావ్యాలుగానే చదవాలన్నారు. అంతేగాక, గ్రాంథికవాదుల రచనలలోని వ్యాకరణ దోషాలను ఏర్చి కూర్చి ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం ప్రకటించారు. మహాపండితులే తప్పు లేకుండా వ్రాయలేని భాషను పసిపిల్లలపై రుద్దడం తగునా అన్నదే అందలి సారాంశం.

విజయం సులభంగా రాలేదు. 1912-13లో స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసాన్ని ఏ శైలిలోనైనా వ్రాయవచ్చునన్న అనుమతి లభించినా, పండితుల ఆందోళనతో అది రద్దయింది. మద్రాసు విశ్వవిద్యాలయ సంఘం కూడా గ్రాంథికానికే మొగ్గగా, 1914లో గురజాడ తమ అసమ్మతి పత్రం సమర్పించారు. మరుసటి ఏడు గురజాడ కన్నుమూశారు. భారమంతా గిడుగుపై పడింది. 1919లో తెలుగు అనే మాసపత్రికను నడిపారు. ఆ ఏడే కందుకూరి వీరేశలింగంగారి అధ్యక్షతన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. 1925లో తణుకులో, ప్రతిపక్షానికి కంచుకోటయైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలోనే, గంటల తరబడి ప్రసంగించి సభ్యులను తన వాదానికి సమ్మతింపజేశారు. ఆయన శిష్యులు తాపీ ధర్మారావుగారు వాడుక భాషలో జనవాణి పత్రికను నడిపారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, వృద్ధాప్యంలో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం తరలివచ్చారు. 1940 జనవరి 22న కీర్తిశేషులయ్యారు. పాఠ్యపుస్తకాలలో వాడుక భాష స్థిరపడటాన్ని ఆయన కన్నులారా చూడలేకపోయారు. నేడు ఆయన జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

ఈ చరిత్ర మన కళాశాలకు దూరమైనది కాదు. మనలో అనేకుల ఇంటి భాష ఉర్దూ; బజారులో, కచేరీలో వినిపించేది తెలుగు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956 నుండి నిర్దేశిస్తున్నది. అయినా ఇంటి భాషను విడిస్తేనే ఉద్యోగం వస్తుందనే భయం తల్లిదండ్రులలో ఉన్నది. ఆ భయం అకారణమనలేము. కాని ఎరిగిన మాటలో చదవడం నేర్చిన బాలుడు ఎరుగని భాషలోకి ధైర్యంగా అడుగిడతాడు. ఆ మెట్టు తీసివేస్తే రెండు భాషలూ అతనికి అరకొరగానే మిగులుతాయి. తెలుగు మాతృభాషగా గల గిడుగు, తనకు ఏ బంధుత్వమూ లేని సవర పిల్లల కోసం వారి పలుకును నేర్చుకొన్నారు. రేపు ఉపాధ్యాయ వృత్తి చేపట్టబోయే మన విద్యార్థులు, తమ ముందు కూర్చున్న బిడ్డ ఇంట ఏ భాష మాట్లాడుతున్నదో మొదట తెలుసుకొని, ఆ తరువాతనే పలకా బలపమూ అందించాలి. గిడుగువారికి మనం చెల్లించగల నివాళి ఇదే.