ఆకలిని జయించాలని బతికి, ఆకలితో పోయినవాడు: వావిలోవ్

మృగశిరలో విత్తనమేసి మబ్బు వైపు చూసే బతుకు మన జైపూర్ రైతుకూలీలకు కొత్త కాదు. ఒక పక్క బొగ్గు బాయిలు, ఇంకో పక్క గోదావరి. అయినా నీటి వసతి లేని చెల్కలో పత్తి పూత మీదున్నప్పుడు వాన ఎగ్గొడితే పూతతో పాటు ఏరే కూలి కూడా రాలిపోతుంది. ఏ విత్తనం, ఏ దశలో, ఎన్నాళ్లు ఎండకు ఆగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే జీవితం ధారపోసిన శాస్త్రజ్ఞుడు నికొలాయ్ వావిలోవ్.

ఆయన 1887లో మాస్కోలో పుట్టాడు. తండ్రి పల్లె నుంచి పట్నం వచ్చి వర్తకుడైన రైతుబిడ్డ. నికొలాయ్‌కి నాలుగేళ్ల వయసులో, 1891లో, రష్యాను పెద్ద కరువు పట్టింది. ఆయన వ్యవసాయ శాస్త్రం చదివి, 1917లో వోల్గా ఒడ్డున సరాతోవ్‌లో అధ్యాపకుడయ్యాడు. 1921లో ఆ వోల్గా సీమలోనే వానలు లేక పైర్లు మాడిపోయాయి. యుద్ధాలతో చితికిన దేశంలో ఆ కరువు సుమారు 50 లక్షల మందిని మింగింది.

కరువును తట్టుకునే గుణం ఎక్కడుంది? వేల ఏళ్లుగా పేద రైతులు కాపాడుకొచ్చిన విత్తనాల్లో ఉందని వావిలోవ్ నమ్మాడు. ఇరాన్, అఫ్ఘానిస్తాన్, ఇథియోపియా, చైనా, మెక్సికో, పెరూ దేశాలు తిరిగి గింజలు సేకరించాడు. పంటల పుట్టిల్లు ఎక్కడో గుర్తించాడు. వరి, వంకాయలకు మన దేశం పుట్టిల్లని చెప్పినవాడూ ఆయనే. ఆయన సంస్థకు చెందిన బుకాసోవ్, యూజెప్చుక్ 1925 తర్వాత లాటిన్ అమెరికా వెళ్లారు. ఆలుగడ్డ అంటే ఒకే జాతి అనుకునే రోజుల్లో, ఆండీస్ కొండల రైతులు చలికీ ఎద్దడికీ ఆగే ఎన్నో జాతులు పండిస్తున్నారని లోకానికి చూపారు.

ఆలుగడ్డ వేరు లోతుకు పోదు. అందుకే ఎద్దడికి తొందరగా లొంగుతుంది. గడ్డ కట్టే వేళ నీరందకపోతే గడ్డల సంఖ్య తగ్గుతుంది. ఊరే వేళ అందకపోతే సైజు తగ్గుతుంది. ఎండి ఎండి ఒక్కసారిగా తడిస్తే గడ్డ పగులుతుంది, వంకర పోతుంది. పంట ముదిరాక మాత్రం నష్టం తక్కువ. కాబట్టి ఒక రకాన్ని పరీక్షించాలంటే కొన్ని మళ్లకు పూర్తిగా నీళ్లిచ్చి, మరికొన్నింటికి ఒక్కో దశలో ఆపి, చివరికి గడ్డ ఎంత తూగిందో చూడాలి. ఆకు పచ్చగా ఉంటే చాలదు. నీళ్లు తక్కువ తాగే మొక్కే కరువుకు ఆగుతుందన్న పాత నమ్మకం తప్పనీ, వాడినా మళ్లీ కోలుకునే శక్తే ముఖ్యమనీ ఆ సంస్థలోనే మాక్సిమోవ్ నిరూపించాడు.

ఇలాంటి పనికి ఏళ్లు పడుతుంది. రెండు మూడేళ్లలో అద్భుతాలు చేస్తానన్న లిసెంకో మాట స్టాలిన్ ప్రభుత్వానికి నచ్చింది. వావిలోవ్ తలొంచలేదు. 1940 ఆగస్టులో అరెస్టు చేశారు, 1941లో మరణశిక్ష వేశారు, దాన్ని తర్వాత జైలుశిక్షగా మార్చారు. 1943 జనవరి 26న, ఒకప్పుడు పాఠాలు చెప్పిన సరాతోవ్‌లోనే, జైలులో తిండి లేక కృశించి చనిపోయాడు. 1955లో ఆయన నిర్దోషి అని ప్రకటించారు. సోషలిజం పేరుతో జరిగిన ఈ అన్యాయాన్ని మనం దాచుకోకూడదు. దాచుకుంటే మళ్లీ జరుగుతుంది.

అదే కాలంలో నాజీ సైన్యం లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టింది. ఫిరంగుల మోతలోనే ఆయన సహచరులు పొలంలోని ఆలుగడ్డలు తవ్వి నగరానికి చేర్చారు. నేలమాళిగలో చలికి గడ్డకట్టకుండా కాపలా కాశారు. వరి విత్తనాల బాధ్యుడు ఇవనోవ్ చుట్టూ బియ్యపు గింజలున్నా ఆకలితోనే ప్రాణం వదిలాడు. ఇంకా పలువురు అలాగే పోయారు. విత్తనం మాత్రం బతికింది.

మన జహీరాబాద్ వైపు యాసంగిలో ఆలుగడ్డ వేస్తే విత్తనగడ్డ ఉత్తరాది నుంచి రావాలి. జైపూర్‌లో పత్తి గింజ కంపెనీ ప్యాకెట్లో వస్తుంది. బొమ్మ ఘనంగా ఉంటుంది గానీ, పూత దశలో వాన లేకపోతే ఏమవుతుందో దాని మీద చూడగలమా? ప్రతి రకాన్నీ మన చెల్కల్లో, దశల వారీగా పరీక్షించి, ఫలితాన్ని తెలుగులో రైతు ముందు పెట్టాలని అడగాలి. ఇది దయ కాదు, హక్కు. విత్తనం కోసం ప్రాణాలిచ్చినవాళ్లకు మనం చెల్లించగల బాకీ అదే.