ధోబీ దుకాణం నుంచి ఖాజీ పీఠం దాకా: ఇమామ్ అబూ యూసుఫ్ జీవితం

ఇంట్లో గడవనప్పుడు పిల్లాడు చదువుకోవాలా, పనికి పోవాలా? టెన్త్, ఇంటర్ ఫలితాలు రాగానే మన బస్తీల్లో ఎన్నో ఇళ్లలో నడిచే మాట ఇది. పన్నెండు వందల ఏళ్లకు పైగా క్రితం ఇరాక్‌లోని కూఫా పట్నంలో యాకూబ్ అనే పేద అబ్బాయి ఇంట్లో కూడా ఇదే గొడవ. ఆ అబ్బాయే తర్వాత ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహ్) అయ్యారు.

ఆయన హిజ్రీ 113లో, అంటే 731 ప్రాంతంలో పుట్టారు. ఇల్మ్ అంటే ప్రాణం. మొదట కూఫా ఖాజీ ఇబ్నె అబీ లైలా దగ్గర నేర్చుకున్నారు, తర్వాత ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహ్) దర్స్‌కు మారారు. కానీ ఇంట్లో పూట గడవడమే కష్టం. అమ్మీ ఆయన్ని ఒక ధోబీ దగ్గర పనిలో పెట్టారని, ఆయన పని వదిలేసి దర్స్‌లో కూర్చుంటే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవారని ఒక రివాయత్. ఆపింది తండ్రి అని ఇంకో రివాయత్. ఎవరైనా సరే, వాళ్లది తప్పు అనలేం. ఆకలి ముందు ఎవరికైనా అదే తోస్తుంది.

ఇక్కడే ఉస్తాద్ గొప్పతనం కనిపిస్తుంది. అబూ హనీఫా స్వయంగా పట్టు బట్టల వ్యాపారి. డబ్బు విలువ, డబ్బు లేని ఇంటి బాధ రెండూ తెలిసిన మనిషి. షాగిర్ద్ కొన్ని రోజులు రాకపోయేసరికి సంగతి కనుక్కున్నారు. ఓపిక పట్టు, కష్టపడి చదువు అని చెప్పి ఊరుకోలేదు. అందరూ వెళ్లాక చేతిలో వంద దిర్హమ్‌ల సంచీ పెట్టారు. దర్స్ మానొద్దని, ఇవి అయిపోతే చెప్పమని అన్నారు. ఆ తర్వాత అయిపోయాయని చెప్పకముందే మళ్లీ అందేవట.

అమ్మీ వచ్చి నిలదీసినప్పుడు, మీ అబ్బాయి పిస్తా నూనె వేసిన ఫాలూదజ్ తినడం నేర్చుకుంటున్నాడని అబూ హనీఫా జవాబిచ్చారట. అది ఆ రోజుల్లో బాద్షాల దస్తర్‌ఖాన్ మీద ఉండే మిఠాయి. పూట గడవని ఇంటికి ఆ మాట వింతగానే వినిపించి ఉంటుంది.

ఉస్తాద్ ఇచ్చింది డబ్బు ఒక్కటే కాదు. ఒకసారి అబూ యూసుఫ్‌కు జబ్బు చేసింది. ఈ కుర్రాడు పోతే ఇతని లోటు తీరదన్నట్టు ఉస్తాద్ మెచ్చుకున్నారు. ఆ మాట చెవిన పడింది. కోలుకోగానే, ఇక నాకు అన్నీ వచ్చేశాయనుకుని అబూ యూసుఫ్ సొంతంగా దర్స్ మొదలుపెట్టారు. అబూ హనీఫా కోప్పడలేదు. ఒక మనిషితో ఒక మసలా పంపారు. ధోబీకి బట్ట ఇస్తే, అతను నీ బట్ట నా దగ్గర లేదన్నాడు. తర్వాత ఉతికి తెచ్చి ఇచ్చాడు. అతనికి కూలి ఇవ్వాలా? ఇవ్వాలి అంటే తప్పన్నాడు ఆ మనిషి. అక్కర్లేదు అంటే అదీ తప్పన్నాడు. అబూ యూసుఫ్ లేచి నేరుగా ఉస్తాద్ దగ్గరికి వెళ్లారు. లేదని బుకాయించకముందే ఉతికి ఉంటే కూలి ఇవ్వాలి, ఎందుకంటే బట్ట యజమాని కోసం ఉతికాడు. బుకాయించాక ఉతికితే కూలి లేదు, ఎందుకంటే కాజేసి తన కోసం ఉతుక్కున్నాడు. ధోబీ పని చేసిన కుర్రాడికి ధోబీ మసలాతోనే పాఠం! అబూ యూసుఫ్ మళ్లీ షాగిర్ద్‌గా కూర్చున్నారు.

హిజ్రీ 150లో (767) ఉస్తాద్ బాగ్దాద్‌లో వఫాత్ అయ్యారు. ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి ఇస్తానంటే వద్దని, జైలు పాలయిన మనిషి ఆయన. షాగిర్ద్ మాత్రం తర్వాత ఖలీఫా మహ్దీ కాలంలో అదే పదవి తీసుకున్నారు. ఉస్తాద్ వద్దన్న కుర్చీలో కూర్చోవడం చిన్న విషయం కాదు. ఆ కుర్చీని ఎలా వాడారో చూడాలి. హారూన్ రషీద్ కాలంలో ఖాజీ-ఉల్-ఖుజాత్ అయ్యారు. ఆ బిరుదు మొదట అందుకున్నది ఆయనే. ఖలీఫా కోసం కితాబుల్ ఖరాజ్ రాశారు. పంట పండినా ఎండినా ఒకే శిస్తు అనే పద్ధతి కంటే పండినదాంట్లో వాటా తీసుకోవడం మేలన్నారు. శిస్తు వసూళ్లను గుత్తకు ఇవ్వొద్దన్నారు, కట్టలేని రైతును కొట్టొద్దన్నారు. బీకామ్‌లో ట్యాక్స్ పేపర్ చదివిన నాకు ఈ మాటలు ఇప్పటికీ కొత్తగానే అనిపిస్తాయి. పేదరికం చూసిన మనిషి రాసిన శిస్తు పుస్తకం అది.

ఒకరోజు హారూన్ దస్తర్‌ఖాన్ మీదికి ఆ ఫాలూదజ్ వచ్చింది. అబూ యూసుఫ్‌కు నవ్వొచ్చింది. ఎందుకని ఖలీఫా పట్టుబట్టి అడిగితే అమ్మీ సంగతి, ఉస్తాద్ మాట మొత్తం చెప్పారు. ఖలీఫా ఆశ్చర్యపోయి అబూ హనీఫా కోసం దుఆ చేశారట.

హిజ్రీ 182లో (798) అబూ యూసుఫ్ బాగ్దాద్‌లో వఫాత్ అయ్యారు. తన తల్లిదండ్రుల కంటే ముందు ఉస్తాద్ కోసం దుఆ చేసేవాడినని ఆయన చెప్పుకునేవారు. మన దుకాణంలో, ఆఫీసులో పనికొచ్చిన కుర్రాడు నాలుగు రోజులు కనిపించకపోతే, ఎందుకు రాలేదో మనలో ఎంతమందిమి కనుక్కుంటున్నాం?