చరిత్రకారుడుగా సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ పేరు చెప్పగానే మనకు అలీగఢ్ కళాశాల జ్ఞాపకం వస్తుంది. ఆయన గొప్ప చరిత్రకారుడు కూడానన్న సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. అందుకే ఆ నాలుగు మాటలు ఇక్కడ చెప్పుకుందాం.

ఆయన 1817 అక్టోబరు 17న ఢిల్లీలో జన్మించారు. తండ్రి పోయాక కుటుంబభారం మీద పడి, కంపెనీ కచేరీలో ఉద్యోగానికి కుదిరి, తర్వాత మున్సిఫ్ అయ్యారు. ఢిల్లీలో పనిచేసే రోజుల్లో సెలవు దొరికితే చాలు, పాత కోటలు, మసీదులు, సమాధులు చూడటానికి బయలుదేరేవారు. కొలతలు తీసుకొని, రాళ్లమీది శాసనాలను ఉన్నవి ఉన్నట్లు ఎత్తి రాసుకునేవారు. కుతుబ్ మీనారు పైభాగపు అక్షరాలు కిందినుంచి చదవటానికి వీలుపడక, కర్రలకు తాళ్లతో బుట్ట వేలాడగట్టించి, అందులో కూర్చుని రాసుకున్నారు. కింద నిలబడ్డ మిత్రుడు, ఫారసీ పండితుడు ఇమామ్ బఖ్ష్ సహ్‌బాయీకి గుండెలు దడదడలాడేవట! ఆ శ్రమకు ఫలితమే 1847లో వెలువడిన ‘ఆసారుస్సనాదీద్’ అనే ఉర్దూ గ్రంథం. 1861లో దానిని గార్సాఁ ద తాసీ ఫ్రెంచిలోకి అనువదించారు.

ఆ గ్రంథం వచ్చిన పదేళ్లకే 1857 వచ్చిపడింది. సహ్‌బాయీని ఇంగ్లీషువారు కాల్చి చంపారు. సయ్యద్ గారి తల్లి ఢిల్లీలో ఆకలిదప్పులతో దాక్కొని, మీరట్ చేరిన తర్వాత కన్నుమూశారు. ఎర్రకోట లోపల, జామా మసీదు చుట్టుపక్కల ఎన్నో కట్టడాలను కూలగొట్టారు. బుట్టలో కూర్చుని రాసినాయన కలం ఎంత ముందుచూపు గలదో అప్పుడు తెలిసింది. కట్టడం పోయినా దాని వర్ణన పుస్తకంలో నిలిచింది.

ఆయన అక్కడితో ఆగలేదు. సర్కారు కొలువులో ఉంటూనే, తిరుగుబాటుకు కారణాలేమిటో పుస్తకం రాసి, ప్రజల గోడు వినని పాలనదే తప్పని ధైర్యంగా చూపించారు. గతాన్ని తలచుకొని ఏడిస్తే లాభం లేదని తలచి, 1875లో అలీగఢ్‌లో పాఠశాల తెరిచారు. 1877లో కళాశాలకు పునాది పడింది. 1898 మార్చి 27న ఆయన పరమపదించారు. 1920లో ఆ కళాశాలే విశ్వవిద్యాలయమైంది. ఆయన మనుమడు సర్ రాస్ మసూద్ హైదరాబాదులో విద్యాశాఖాధిపతిగా ఉండి, ఉర్దూలో బోధించే ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు పాటుపడ్డారు.

మన ఊళ్ల పాత మసీదుల్లో, దర్గాల్లో కూడా అక్షరాలు చెక్కిన రాళ్లున్నాయి. ఏటేటా సున్నం కొట్టి వాటిని మనమే పూడ్చేస్తున్నాం. ఈసారి సున్నం కొట్టేముందు పిల్లలచేత ఒక నోటుబుక్కులో ఎత్తి రాయిద్దాం. ఆ మహనీయునికి మనం చేయగల సేవ అదే.