పేరు చెప్పని కుర్రవాడు

ఓ ఏడాది క్లాసులో బోర్డు మీద ఎవరో నా బొమ్మ గీశారు, ముక్కు మూరెడు పొడుగు పెట్టి! ఎవరి పని అని ముందు బెంచీ కుర్రవాణ్ణి నిలదీశాను. తల దించుకున్నాడే గాని పేరు చెప్పలేదు. బయటికి పొమ్మన్నాను. ఆ రోజు చెప్పవలసిన పాఠం ఎక్స్-కిరణాలు. పుస్తకం తెరవగానే రాంట్‌జెన్ కథ గుర్తుకొచ్చి సిగ్గేసింది.

1845లో జర్మనీలోని లెన్నెప్‌లో పుట్టిన విల్‌హెల్మ్ రాంట్‌జెన్ హాలెండులో పెరిగాడు. యూట్రెక్ట్ టెక్నికల్ స్కూల్లో ఎవరో ఒక మాస్టారి వెక్కిరింత బొమ్మ గీశారు. గీసినవాడి పేరు చెప్పనన్నందుకు రాంట్‌జెన్‌ను వెళ్ళగొట్టారు. సర్టిఫికెట్టు లేక నానా అవస్థా పడి, 1865లో జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. 1869లో డాక్టరేటు పుచ్చుకున్నాడు.

1895 నవంబరు 8 సాయంత్రం. వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆయన నల్ల అట్టతో కప్పిన డిశ్చార్జి ట్యూబులోకి విద్యుత్తు పంపుతున్నారు. దూరంగా ఉన్న బేరియం ప్లాటినోసయనైడ్ తెర తళుక్కుమంది. అట్టను దాటి ఏవో కిరణాలు వస్తున్నాయన్నమాట! డిసెంబరు 22న భార్య చేతిని ఆ కిరణాలతో ఫొటో తీస్తే ఎముకలూ, వేలి ఉంగరమూ కనిపించాయి. పేటెంటు మాత్రం తీసుకోలేదు. 1901లో భౌతికశాస్త్రానికిచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనదే. ఆ సొమ్మును విశ్వవిద్యాలయానికే ఇచ్చేశారు. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో కన్నుమూశారు.

ఆ కిరణాలు చెయ్యి దాటి ఎంత దూరం పోయాయో చూడండి. ఎన్.జి.సి. 6240 అనేది ఢీకొని కలిసిపోతున్న గెలాక్సీల జంట. అక్కడి దుమ్ము లోపలి వెలుగును మింగి, వేడెక్కి, పరారుణ కిరణాలుగా వెదజల్లుతుంది. ఆ వెలుగు కొత్తగా పుట్టే నక్షత్రాలదా, నడుమ దాగిన క్వాజారుదా? మామూలు కాంతితో చూస్తే తేలదు. శక్తిమంతమైన ఎక్స్-కిరణాలు మాత్రం ఆ దుమ్మునూ, వాయువునూ చీల్చుకుని వస్తాయి. వాటిని మన వాతావరణం అడ్డుకుంటుంది గనుక ఉపగ్రహాలు కావలసివచ్చాయి. బెప్పోశాక్స్ ఉపగ్రహం అక్కడ దాగిన క్వాజారు జాడ పట్టింది. మన చంద్రశేఖర్ పేరు పెట్టిన చంద్ర ఉపగ్రహం ఒకటి కాదు, రెండు కృష్ణబిలాలున్నాయని చూపింది. ఆ సంగతి 2002లో ప్రకటించారు.

స్నేహితుడి పేరు దాచి చదువు పోగొట్టుకున్నవాడే విశ్వం దాచుకున్నవాటిని చూసే కన్ను మనకిచ్చాడు!

మర్నాడు ఆ కుర్రవాణ్ణి నేనే పిలిచి కూర్చోబెట్టాను. బొమ్మ ఎవరు గీశారో నాకీనాటికీ తెలియదు. తెలియకపోవడమే బాగుంది.